ఇంజిన్ బొమ్మ వెలగ్గానే సెన్సర్ కొనేయబాకండి, ముందు రెండో నంబర్ చూడండి

రాత్రి ఒకటిన్నరకి ఫోను. మా డ్రైవర్. "అన్నా, సింగరాయకొండ దాటినాక మీటర్లో ఇంజిన్ బొమ్మ పడిందన్నా, పసుపు రంగు, బండి మాత్రం బాగానే లాగతా ఉంది, ఏం చెయ్యమంటావా?" అన్నాడు. చీమకుర్తి క్వారీలో గ్రానైట్ బ్లాకు ఎక్కించుకొని కృష్ణపట్నం పోర్టుకి పోతా ఉంది బండి, పొద్దున్నే ఆడ దించాలి. "పోనియ్‌రా, వేడి చూసుకుంటా, ఆయిల్ ప్రెషర్ చూసుకుంటా పో, పొద్దున మాట్లాడదాం" అని చెప్పి పడుకున్నా. ఆ మాటలో తప్పేం లేదు. తప్పులన్నీ ఆ తర్వాత వారంలో చేశా.

వెనక్కి వచ్చేటప్పుడు హైవే మీద ఒక వర్క్‌షాపులో ఆపించా, వాళ్లు కంప్యూటర్ పెట్టి చూసి "సైలెన్సర్ దగ్గర పొగలో విషవాయువు కొలిచే నాక్స్ సెన్సర్ పోయింది" అన్నారు, ఫారిన్ బండి కదా రేటు కూడా ఫారిన్ రేటే, 38 వేలు. సరే అని మార్పించా. బొమ్మ ఆరింది. 60 కిలోమీటర్లు పోయిందో లేదో మళ్లీ అదే బొమ్మ, కంప్యూటర్లో అదే ఫాల్ట్ నంబరు. అప్పుడు కూర్చున్నా ఈ దీపం సంగతేందో తెలుసుకుందామని. నేను మెకానిక్‌ని కాదు, రెండు బళ్లున్న ఓనర్ని, అంతకు ముందు ఎనిమిదేళ్లు డ్రైవర్ని, కాబట్టి నాకు అర్థమయిన భాషలోనే చెప్తా.

ముందు ఒక భయం తీసేయాలి. మీటర్లో పసుపు రంగులో ఇంజిన్ ఆకారం వెలిగిందంటే ఇంజిన్ బోరుకొచ్చిందని కాదు. ఆ బొమ్మ ప్రధానంగా పొగ కోసం పెట్టింది. బండి వదిలే పొగలో విషవాయువులు రూల్‌కి మించి పోతున్నాయి, లేదా మించాయో లేదో చూసే సామాను పనిచెయ్యట్లేదు అని కంప్యూటర్‌కి అనుమానం వస్తే ఆ దీపం వేస్తది. ఇంజిన్ ప్రాణం మీదికొచ్చే విషయాలకి, అంటే ఆయిల్ ప్రెషర్ పడిపోవడం, నీళ్లు మరిగిపోవడం లాంటివాటికి, వేరే ఎర్ర దీపాలున్నాయి, కొన్ని బళ్లలో ఎర్రగా స్టాప్ అని అక్షరాలే పడతాయి, బజర్ కూడా మోగుద్ది. రంగే అసలు మాట. ఎరుపు పడితే ఏ ఊరు, ఎంత రాత్రి అని చూడబాకండి, ఎడమ పక్కకి తీసి ఆపెయ్యాలి, అది ఆయిల్ ప్రెషర్ దీపమైతే ఇంజిన్ ఆ క్షణమే ఆఫ్ చెయ్యాలి, ఇంకో రెండు కిలోమీటర్లు పోతే ధాబా వస్తదిలే అనుకుంటే ఆ రెండు కిలోమీటర్లలో క్రాంకు బేరింగులు పోతాయి. వేడి దీపమైతే రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబాకండి. పసుపు పడితే మాత్రం గాభరా వద్దు, బండి తీరు గమనించండి, పికప్ మామూలుగానే ఉందా, పొగ మారిందా, కొత్త శబ్దం ఏమన్నా ఉందా అని. ఏం తేడా లేకపోతే లోడు దించి రావచ్చు. అట్టని నెలల తరబడి వదిలేస్తే ఏమవుద్దో తర్వాత చెప్తా, అది వేరే కథ.

ఫారిన్ బండి అన్నా కదా, దాని గురించి ఒక మాట. మన చీమకుర్తిలో, పోర్టులో తిరిగే వోల్వోలు, స్కానియాలు, బెంజ్ ఆక్ట్రోస్‌లు ఓడ దిగి నేరుగా వచ్చాయని చాలామంది అనుకుంటారు. వోల్వో వాళ్లు బెంగళూరు పక్కన హోస్కోటేలో 1998 నుంచే బిగిస్తున్నారు, స్కానియా కోలార్ వైపు నరసాపురలో పెట్టింది, ఆక్ట్రోస్ చెన్నై పక్కన ఒరగడంలో తయారయింది. విదేశంలో వాడిన బండిని ఈడికి దింపుకోవడం దాదాపు కుదరని పని, 3 ఏళ్లు మించకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి, ముంబై రేవులోనే దించాలి, ఇట్టా బోలెడు షరతులు. కాకపోతే బిగించింది ఈడ అయినా దాని మెదడు మాత్రం ఫారిన్‌దే. ఈసీయూ, అంటే బండి కంప్యూటర్, అందులో సాఫ్ట్‌వేర్, సెన్సర్ల లెక్క అంతా యూరప్ వాళ్లు రాసిందే. అందుకే మన ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లు లేలాండ్ ఇంజిన్లు విప్పి బిగించిన మనిషి కూడా ఈ బొమ్మ చూడగానే "ఇది మన వల్ల కాదన్నా, షోరూంకి పో" అంటాడు. చేతకాక కాదు, ఆ బండితో మాట్లాడే భాష ఆయన దగ్గర లేదు, అంతే.

ఆ భాష మొత్తం నేర్చుకోనక్కర్లేదు. సెన్సర్ కంప్యూటర్‌కి ఎట్టా చెప్పుద్దో ఒక్కటి తెలిస్తే సగం పనయినట్టే.

ఆయిల్ ప్రెషర్ సెన్సరే తీసుకోండి. బండి 24 వోల్టులదైనా ఇట్టాంటి చిన్న సెన్సర్లకి కంప్యూటర్ ఇచ్చేది 5 వోల్టులు. ప్రెషర్‌ని బట్టి ఆ సెన్సర్ మామూలుగా అర వోల్టు నుంచి నాలుగున్నర వోల్టుల మధ్యలో ఒక విలువ తిరిగి పంపుద్ది. సున్నా నుంచి 5 దాకా పెట్టొచ్చు కదా, మరి అర దగ్గర ఎందుకు మొదలుపెట్టారు? అక్కడే ఉంది తెలివంతా. ప్రెషర్ నిజంగానే సున్నా అయితే అర వోల్టు వస్తది. వైరు తెగిపోయినా, రేకుకి తగిలి షార్ట్ అయినా సున్నాకో అయిదుకో పోద్ది, అంటే సెన్సర్ మామూలుగా ఎప్పుడూ చెప్పని విలువ. దాంతో కంప్యూటర్‌కి తెలిసిపోద్ది, ఇది ఆయిల్ సమస్య కాదు, వైరు సమస్య అని. మన ఊళ్లో పాలవాడు రోజూ అర లీటరుకి తక్కువ పొయ్యడనుకోండి, ఒకరోజు గిన్నె ఖాళీగా ఉంటే గేదె ఎండిపోయిందని కాదు, పాలవాడే రాలేదని కదా అర్థం. అట్టా.

ఆ తేడాని కంప్యూటర్ దాచుకోదు, రాసి పెడతది. లారీల ప్రపంచంలో దానికి ఒక ఉమ్మడి పద్ధతి ఉంది, జె1939 అంటారు. అందులో ప్రతి ఫాల్ట్‌కీ రెండు నంబర్లు. మొదటిది ఎస్‌పీఎన్, ఎవరి గురించి ఫిర్యాదు అనేది. 100 అంటే ఆయిల్ ప్రెషర్, 110 కూలెంట్ (రేడియేటర్ నీళ్లు) వేడి, 111 కూలెంట్ మట్టం, 102 టర్బో ఇచ్చే గాలి ప్రెషర్, 157 కామన్ రైల్లో, అంటే ఇంజెక్టర్లకి డీజిల్ పంచే గొట్టంలో, డీజిల్ ప్రెషర్, 97 డీజిల్లో నీళ్లు, 168 బ్యాటరీ వోల్టేజీ. రెండోది ఎఫ్ఎంఐ, ఆ ఫిర్యాదు ఏందనేది, 0 నుంచి 31 దాకా ఉంటది. 0 అంటే విలువ నిజమే, ప్రమాదంగా ఎక్కువైంది. 1 అంటే నిజమే, ప్రమాదంగా తగ్గింది. 2 అంటే పొంతన లేకుండా ఎగురుతా ఉంది. 3 అంటే వోల్టేజీ పైకి పోయింది, 4 కిందికి పోయింది, 5 అంటే కరెంటు పారట్లేదు, వైరు తెగి ఉండొచ్చు. 9 అంటే ఆ సామాను మాట్లాడాల్సిన టయానికి మాట్లాడట్లేదు.

ఇప్పుడు చూడండి, 100 కి పక్కన 1 ఉంటే ఆయిల్ నిజంగా పోయినట్టు, ఇంజిన్ ఆపెయ్యాలి. అదే 100 పక్కన 4 ఉంటే ఆయిల్‌కి ఏమీ కాలేదేమో, కప్లర్లో, అంటే వైర్లు కలిసే ప్లగ్గులో, నీళ్లు చేరి ఉండొచ్చు. మొదటి నంబరు ఒకటే, రెండోది మారితే కథ మొత్తం మారిపోయింది. కానీ మన దగ్గర జరిగేదేందంటే కంప్యూటర్ పెట్టిన కుర్రాడు తెర మీద మొదటి ముక్క చదువుతాడు, "ఆయిల్ ప్రెషర్ సెన్సర్" అని ఉంటది, సెన్సర్ పోయిందంటాడు, మనం కొనేస్తాం. ఫిర్యాదు ఎవరి మీదో చదివి వాడినే దొంగ అన్నట్టు.

(పాత వోల్వోల్లో ఇదే పద్ధతి కొంచెం వేరే పేర్లతో ఉంటది, ఏ కంప్యూటర్ చెప్తుందో ఎంఐడీ, దేని గురించో పీఐడీ అని. ఎంఐడీ 128 అంటే ఇంజిన్ కంప్యూటర్, 130 గేర్‌బాక్స్, 136 బ్రేకుల ఏబీఎస్. ఎఫ్ఎంఐ మాత్రం ఆడా ఉంది. ఇంకొన్ని కంపెనీలు కార్ల లాగా పీ అక్షరంతో మొదలయ్యే కోడ్ చూపిస్తాయి. ఏది చూపించినా "ఏమైంది" అనే ముక్క కోడ్‌లోనో పక్క వాక్యంలోనో ఉంటది, అడిగి చదివించుకోవాలి.)

నా కథకి వస్తా. నా బండిలో పడింది 3226, పక్కన 9. 3226 అంటే సైలెన్సర్ బయటికి వచ్చే వైపు ఉండే నాక్స్ సెన్సర్. ఈ సెన్సర్ ఆయిల్ సెన్సర్ లాంటిది కాదు, దానికే ఒక చిన్న డబ్బా, అందులో ఒక బుర్ర, పొగని కొలిచి రెండు మెలితిప్పిన వైర్ల మీద కంప్యూటర్‌కి మెసేజ్ పంపుద్ది. ఆ రెండు వైర్లనే క్యాన్ లైన్ అంటారు. 9 అంటే మెసేజ్ రావట్లేదని. మెసేజ్ రాకపోవడానికి సెన్సర్ చచ్చిపోయి ఉండొచ్చు, నిజమే, కానీ దానికి కరెంటు అందకపోయినా రాదు, ఎర్త్ వదులైనా రాదు, క్యాన్ వైరు తెగినా రాదు. మనిషి ఫోన్ ఎత్తకపోతే పోయాడనుకోం కదా, చార్జింగ్ ఉందా సిగ్నల్ ఉందా అనుకుంటాం.

వర్క్‌షాప్ వాళ్లు కరెంటు చూడలేదా అంటే చూశారు. మీటర్ పెట్టారు, 24 వోల్టులు చూపించింది, వైరింగ్ బాగుందన్నారు. ఈడే నాకు బుద్ధొచ్చింది. ఒంగోలులో ఒక ఎలక్ట్రీషియన్ భాయ్ ఉన్నాడు, ముసలాయన, ల్యాప్‌టాప్ కూడా లేదు, నా గోడు విని నవ్వి, సెన్సర్ కప్లర్ పీకి ఆ రెండు పిన్నులకి ఒక 24 వోల్టుల హెడ్‌లైట్ బల్బు తగిలించాడు. బల్బు ఎర్రగా, చచ్చీచెడీ వెలిగింది. "చూశావా నాయనా, మీటర్‌కి వోల్టు కనపడుద్ది, మోసే బలం లేదు" అన్నాడు. నాక్స్ సెన్సర్ లోపల హీటర్ ఉంటది, దాని ముక్కుని ఎర్రగా కాలిస్తేగానీ అది వాసన పట్టలేదు, ఆ హీటర్ ఆన్ అయినప్పుడు కరెంటు గట్టిగా లాగుద్ది. వైరు లోపల రాగి పోగులన్నీ పచ్చగా తుప్పు పట్టి ఒకటో రెండో మిగిలితే మల్టీమీటర్ పెట్టినప్పుడు 24 చూపిస్తది, ఎందుకంటే మీటర్ కరెంటేమీ తాగదు, హీటర్ తాగడం మొదలెట్టగానే వోల్టేజీ కూలిపోద్ది, సెన్సర్ నోరు మూసుకుంటది. ఛాసిస్ పక్కన క్లాంపు రాసుకుపోయిన చోట వైరు పైతొక్క పోయింది, పోర్టు ఉప్పుగాలి లోపలికి దూరింది. జానెడు వైరు కోసి కొత్తది అతికి, హీట్ స్లీవ్ వేశాడు. 400 తీసుకున్నాడు. నా పాత సెన్సర్ బాగానే ఉంది, ఇప్పటికీ డాష్‌బోర్డు డబ్బాలో పడుంది, స్పేర్ కింద.

ఇంతకీ పొగ కొలవడానికి ఇంత హంగామా ఎందుకు? దీనికి వెనక కథ కొంచెం తెలియాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశం మొత్తం బళ్ల పొగకి బీఎస్ 4 రూలు, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6, మధ్యలో 5 ఎగ్గొట్టేశారు. పెద్ద డీజిల్ ఇంజిన్లకి నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి, అదే నాక్స్, బీఎస్ 4 లో కిలోవాట్ గంటకి 3.5 గ్రాములుంటే బీఎస్ 6 లో స్థిర వేగం టెస్టులో 0.40 కి దించారు. తొమ్మిదో వంతు. అంతగా తగ్గించడం ఇంజిన్ లోపలే కుదరని పని, అందుకని బయటికొచ్చే పొగలో యూరియా నీళ్లు కొడతారు, ఆ వేడికి అది అమ్మోనియా అవుద్ది, క్యాటలిస్టులో, అంటే సైలెన్సర్లో పొగని శుద్ధిచేసే భాగంలో, అమ్మోనియా, నాక్స్ కలిసి మామూలు నైట్రోజన్, నీటి ఆవిరి అయి పోతాయి. డ్రైవర్లు యూరియా అంటారు, డబ్బా మీద యాడ్‌బ్లూ అనో డెఫ్ అనో ఉంటది, అంతా ఒకటే. 32.5 శాతం యూరియా, మిగతా అంతా శుద్ధమైన నీళ్లు. క్యాటలిస్టుకి ముందొక నాక్స్ సెన్సర్, వెనకొక సెన్సర్, రెండిటి తేడా చూసి యూరియా పనిచేస్తుందా లేదా అని కంప్యూటర్ లెక్కేస్తది. యూరియా బళ్లలో పడే ఇంజిన్ బొమ్మల్లో నాకు తెలిసినంతవరకు సగానికి పైగా ఈ సెట్టు నుంచే పుడతాయి.

ఇందులో మనవాళ్లు చేసే పెద్ద పని ఒకటుంది, చెప్పడానికే సిగ్గుగా ఉంది. పొలానికి తెచ్చిన యూరియా కట్ట, 45 కిలోలు 266 రూపాయల 50 పైసలకి దొరుకుద్ది, దాన్ని బోరు నీళ్లలో కలిపి ట్యాంకులో పోసేస్తారు. లెక్క చూస్తే బ్రహ్మాండంగా మిగుల్తది. కానీ పొలం యూరియాకి వేపనూనె పూత ఉంటది, 2015 నుంచి అంతా అట్టాగే వస్తా ఉంది, పైరుకి నిదానంగా అందాలని. ఆ నూనె, అందులో మలినాలు పోయి క్యాటలిస్టు మీద కూర్చుంటాయి. ఇక నీళ్లు. యాడ్‌బ్లూలో కాల్షియం కిలోకి అర మిల్లీగ్రాము దాటకూడదని ఐఎస్ఓ 22241 అనే ప్రమాణం చెప్తది. మన కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లతో టీ కాస్తే గిన్నె అడుగున తెల్లగా పొరలు కడతాయి, ఆ నీళ్లు పోసి మిల్లీగ్రాముల మాట ఎత్తితే నవ్వుతారు. ఇంట్లో ఆర్వో నీళ్లు కూడా చాలవు, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ లాంటివి కావాలి. పైగా సబ్సిడీ యూరియా పంటకి తప్ప వేరేదానికి వాడితే కేసు. ఇట్టా పోసిన బండిలో కొన్నాళ్లకి పడే కోడ్ 4364, పక్కన 18, అంటే శుద్ధిచేసే బలం తగ్గిందని, కార్ల లెక్కలో పీ20ఈఈ. అప్పుడు నాక్స్ సెన్సర్లు రెండూ మార్చినా పోదు, ఎందుకంటే ఈసారి సెన్సర్ నిజమే చెప్తా ఉంది.

మంచి యూరియా పోసినా చెడగొట్టే అలవాటు ఇంకోటి మెయిన్ స్విచ్. బండి ఆపగానే బ్యాటరీ మెయిన్ స్విచ్ కట్ చెయ్యడం మన డ్రైవర్లకి పాత బళ్ల నుంచి వచ్చిన మంచి అలవాటే, షార్ట్ సర్క్యూట్ భయానికి. కానీ యూరియా బళ్లలో తాళం తీసినాక పంపు కాసేపు తిరిగి పైపుల్లో మిగిలిన యూరియాని వెనక్కి ట్యాంకులోకి లాగేస్తది, చెవి పెట్టి వింటే గుర్రుమని శబ్దం వస్తది. అది ఆగేదాకా రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టాలి. మధ్యలో స్విచ్ కట్ చేస్తే మిగిలిన యూరియా నాజిల్లో ఎండి తెల్లగా ఉప్పుకల్లులా గట్టిపడుద్ది. క్వారీలోనే తిరిగే టిప్పర్లకి ఇంకో ఇబ్బంది, లోడింగ్ కోసం గంటలు గంటలు ఐడిల్లో ఉంటాయి, సైలెన్సర్ వేడెక్కదు, సుమారు 200 డిగ్రీలన్నా లేకపోతే యూరియా సరిగా ఆవిరవదు. పొగలో మసిని పట్టే ఫిల్టరు డీపీఎఫ్‌కీ ఇదే బాధ, పట్టిన మసిని కాల్చి శుభ్రం చెయ్యాలంటే, దాన్నే రీజెన్ అంటారు, 550, 600 డిగ్రీలు కావాలి. నిలబెట్టి రీజెన్ చేయించమని మీటర్ అడిగితే చెయ్యండి గానీ, ఎక్కడ ఆపుతున్నారో చూసుకోండి, రోడ్డు పక్కన వరిగడ్డి ఆరబోసి ఉంటారు మనోళ్లు, ఆ సైలెన్సర్ వేడికి అంటుకుందంటే బండి, గడ్డి రెండూ పోతాయి.

పసుపు బొమ్మని నెలల తరబడి వదిలేస్తే ఏమవుద్దో చెప్తా అన్నా కదా. ఈ పొగ సంబంధ ఫాల్టులకి బండి కౌంటర్ పెట్టుకుంటది. యూరప్ వాళ్ల పొగ రూల్ యూరో 6, మన బీఎస్ 6 కి మూలం అదే, ఎట్టా ఉందంటే యూరియా ట్యాంకు 10 శాతానికి దిగితే హెచ్చరిక, రెండున్నర శాతం కిందికి పోతే ఇంజిన్ బలంలో పావు వంతు కోత, పూర్తిగా అయిపోతే గంటకి 20 కిలోమీటర్లు మించి పోనివ్వదు. యూరియా బదులు నీళ్లు పోశారనుకోండి, 10 గంటలు నడిచాక కోత, 20 గంటలకి నత్తనడక. సెన్సర్ పీకడం లాంటి ట్యాంపరింగ్ అయితే 36 గంటలకి కోత, 100 గంటలకి నత్తనడక. ఇదేదో ఇంజిన్ చెడిపోయి పికప్ పడిపోయిందని టర్బో విప్పించిన ఓనర్లు నాకు తెలుసు. టర్బోకి ఏం కాలేదు, బండి కావాలనే మొరాయిస్తా ఉంది. పావు వంతు కోత పడినాక ఖాళీ బండి తేడా తెలీదు, బ్లాకు ఎత్తుకొని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తెలుస్తది.

దీనికి విరుగుడుగా ఎమ్యులేటర్ అని అమ్ముతుంటారు, చిన్న డబ్బా, క్యాన్ లైన్లో కలిపితే "అంతా బాగుంది, నాక్స్ తగ్గింది" అని సెన్సర్ గొంతుతో కంప్యూటర్‌కి అబద్ధం చెప్తా ఉంటది. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర డీజిల్ బండికి చూసేది పొగ నలుపు ఎంతని మాత్రమే కాబట్టి ఆడ దొరకరు. చట్టం దగ్గర మాత్రం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మార్చొద్దంటది, 182ఏ కింద ఓనర్‌కి 6 నెలల దాకా జైలో, మార్పుకి 5 వేల జరిమానానో, రెండూనో. చట్టం సంగతి అట్టుంచి నా అభ్యంతరం వేరే. ఆ డబ్బా పెట్టినాక రేపు క్యాన్ లైన్లో నిజమైన గొడవ వస్తే ఏ మెకానిక్కూ కనుక్కోలేడు, ఎందుకంటే కంప్యూటర్ వింటున్నదాంట్లో ఏది నిజమో ఏది డబ్బా మాటో తెలీదు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఫ్యూజ్ బాక్సు వెనక, ఛాసిస్ వైరింగ్ వెంబడి కొత్త టేపు చుట్టిన ముడులున్నాయేమో టార్చి వేసి చూసుకోండి.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఉండే కారణాలు ఇంకొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తా. చీమకుర్తి రాతిపొడి ఎయిర్ ఫిల్టర్‌ని మూసేస్తది, అప్పుడు పడేది టర్బో గాలి కోడ్, 102, సెన్సర్ కాదు, ఫిల్టర్ చూడండి, తర్వాత టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాల క్లిప్పులు. పోర్టు తిరిగే బళ్లకి కప్లర్లలో ఉప్పు. పొలాల పక్కన పార్కింగ్ చేస్తే ఎలుకలు, వైరు తొక్కలంటే వాటికి ఎందుకంత ఇష్టమో. ఇక వెల్డింగ్. తొట్టి పగిలిందని క్వారీలోనే వెల్డింగ్ పెట్టించేస్తారు, బ్యాటరీ రెండు టెర్మినళ్లూ తియ్యకుండా, ఈసీయూ కప్లర్ పీకకుండా. వెల్డింగ్ కరెంటు ఎర్త్ వెతుక్కుంటా ఈసీయూ లోపల నుంచి పోయిందంటే అది సెన్సర్ ఖర్చు కాదు, కొంప కొల్లేరే. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు కూడా అతికేచోటుకి జానెడు దూరంలోనే పట్టించాలి.

ఒకేసారి అయిదారు కోడ్లు, ఒకదానికొకటి సంబంధం లేనివి, ఏబీఎస్, గేర్‌బాక్స్, ఇంజిన్ అన్నీ కలిపి పడితే అయిదారు సామాన్లు ఒకేరోజు చచ్చాయని నమ్మబాకండి. బ్యాటరీ చూడండి ముందు. ఇంజిన్ తిరిగేటప్పుడు 28 వోల్టుల చుట్టుపక్కల రావాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు మరీ కిందికి పడిపోతే కంప్యూటర్లన్నీ తికమకపడి తోచిన కోడ్లు రాస్తాయి. బ్యాటరీ బాగుంటే క్యాన్ లైన్. దానికి ఈ చివర ఆ చివర 120 ఓముల రెసిస్టర్లు రెండుంటాయి, బ్యాటరీ తీసి ఆ రెండు వైర్ల మధ్య మీటర్ పెడితే 60 రావాలి. 120 వస్తే ఎక్కడో తెగింది, సున్నాకి దగ్గరగా వస్తే ఎక్కడో రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలాయి. ఎలక్ట్రీషియన్ భాయ్ నాకు నేర్పిన వాటిలో ఇదే బాగా పనికొచ్చింది.

కంప్యూటర్ల సంగతి. వోల్వోకి టెక్ టూల్, స్కానియాకి ఎస్‌డీపీ3, బెంజ్‌కి జెంట్రీ, ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లది. అన్ని కంపెనీలకీ కలిపి జాల్‌టెస్ట్, టెక్సా లాంటివి పెద్ద వర్క్‌షాపుల్లో ఉంటాయి. ఆన్‌లైన్లో వెయ్యి రూపాయలకి దొరికే కారు స్కానర్ 24 వోల్టుల బండికి పెట్టబాకండి, కాలిపోవచ్చు. చాలా యూరప్ బళ్లలో స్టీరింగ్ మీటలతో మీటర్ మెనూలోకి పోతే ఫాల్టులు అక్కడే కనపడతాయి, డ్రైవర్లకి చూపించేవాళ్లు లేక తెలీదు అంతే. వర్క్‌షాపుకి పోయినప్పుడు రెండు విషయాలు అడగండి, ఫాల్ట్ యాక్టివ్‌గా ఉందా పాతదా, ఎన్నిసార్లు వచ్చింది అని. కంప్యూటర్ రెండూ చూపిస్తది. ఒక్కసారి వచ్చి పోయినదానికి సామాను మార్చక్కర్లేదు. చాలా ఫాల్టులకి రిపేర్ సరిగా అయితే బొమ్మ తనంతట తానే మూడు సార్లు బండి బాగా తిరిగాక ఆరిపోద్ది, "క్లియర్ చేశా" అని ముందే చెరిపించుకుంటే మనకే నష్టం, ఏ వేడిలో, ఎంత ఆర్‌పీఎం మీద ఫాల్ట్ పడిందనే వివరం కూడా దాంతోపాటే పోవచ్చు. చెరిపేముందు తెర ఫోటో తీసుకోండి. సెన్సర్ నిజంగానే మార్చాల్సి వస్తే ఛాసిస్ నంబర్ చెప్పి తెప్పించండి, చూడ్డానికి ఒకేలా ఉన్నా బుర్రలోపల వేరేగా ఉంటాయి, ఇంజెక్టర్లయితే ప్రతిదాని మీదుండే కోడ్‌ని కంప్యూటర్‌కి ఎక్కించాలి కూడా.

మా డ్రైవర్‌కి ఇదంతా ఒకరోజు ఉలవపాడు దగ్గర టీ తాగుతా చెప్పా, మెనూలోకి ఎట్టా పోవాలో నొక్కి చూపించా. పది నంబర్లు చీటీ మీద రాసి సన్‌వైజర్‌కి అంటించుకున్నాడు. పోయిన వారం పొద్దున లేచి ఫోన్ చూస్తే రాత్రి రెండు గంటల పన్నెండు నిమిషాలకి పెట్టిన వాయిస్ మెసేజ్ ఉంది. "అన్నా, ముసునూరు టోల్‌గేట్ కాడ 97 పడింది, నీళ్లన్నా డీజిల్లో, ఫిల్టర్ కింద బిరడా తిప్పి వదిలేశా, గ్లాసుడు వచ్చినాయి, బొమ్మ పోయింది, నిన్న రాత్రి డ్రమ్ములోంచి పోయించాం చూడు, ఆడ ఇంక పోయించబాక."